డోర్‌ల ఉన్న దోస్తు

మా నల్ల కారు డోర్ మీద చిన్న చిన్న తుప్పు మచ్చలు లేశినయి. గట్లనే వదిలేస్తే రేకును తినేస్తదని, ఇయ్యాల సెలవు కదా, తాండూరుకు పోయి సాండ్ పేపర్, ప్రైమర్, పెయింట్ తెచ్చుకొని వాకిట్ల కూసున్న.

గా మచ్చలు మా అమ్మ సాదుతున్న పొట్టేలు చేసిన పనే. మెరిసే డోర్‌ల దాని నీడ దానికి కనిపిస్తే చాలు, పోయి కొమ్ములతోని గుద్దుతది. పెయింట్ పెచ్చు లేశిన కాడల్ల తుప్పు పట్టింది.

రేకు మెరిసేదాక రుద్ది, తడి లేకుంట తుడిచి, మచ్చల మీద ప్రైమర్ ఏసిన. పక్కలకు రంగు అంటకుంట డోరంత పాత పేపర్లు అతికించిన. పొద్దు మెల్లగ వాలుతున్నది, గాలి సల్లగ వీస్తున్నది. ప్రైమర్ ఆరేదాక అరుగు మీద ఒరిగితే జర కన్నంటుకున్నది.

కండ్లు తెరిచేసరికి పొట్టేలు డోర్ ముంగట నిలబడి ఉన్నది. ఈసారి గుద్దలేదు. పేపర్లను వాసన చూసింది, కారు చుట్టు తిరిగొచ్చింది, సన్నగ అరిచింది.

"దీనికేమైందమ్మా?" అన్న.

"దీనితోని పుట్టిన ఇంకో పిల్ల మొన్న చలికాలం సచ్చిపాయె గద బిడ్డా. గప్పటిసంది డోర్‌ల కనిపించేదే తోడనుకుంటున్నది. అది కొట్లాడుడు కాదు, ఆడుకునుడు," అన్నది అమ్మ.

పెయింట్ ఏసుడైతే అయింది. ఈ వారం బషీరాబాద్ దిక్కు పోయి, దానికో తోడును తెస్తమన్నది అమ్మ. అందాక కారుకు కవర్ కప్పాల్నా, డోర్‌ను ఇంకింత మెరిపియ్యాల్నా? మీరే చెప్పుండ్రి.