ఓడిల్ దున్నని గడ్డి పట్టీ

ఓడిల్ పటైన్ అనే కౌలు రైతు చేతిలోంచి మావాళ్ళు చెక్క సుత్తి లాక్కున్న రోజు నేనూ కెఫేలోనే ఉన్నాను. మా ఊరి సైకిల్ సంఘం వార్షిక సమావేశం అది. ప్రతి చలికాలం మా సంఘం పొలాలకు అడ్డంపడి ఒక పెద్ద సైకిల్ యాత్ర నడుపుతుంది. దారి పొడుగునా ఆ సుత్తితో కర్రలు పాతి, వాటికి బాణం గుర్తులు కొట్టే పని ఏళ్ళ తరబడి ఓడిల్‌దే. ఆయన బాణాన్ని నమ్మి దారి తప్పినవాడు లేడు. ఆయన మీద ఫిర్యాదల్లా ఒక్కటే. తను కౌలుకు చేసే పొలం మధ్యలో పొడుగాటి గడ్డి పట్టీ ఒకటుంది. దాన్ని ఆయన దున్నడు, మమ్మల్ని దాని మీద తొక్కనివ్వడు. అక్కడికి రాగానే బాణం పక్కకి తిరిగేది, మేం సిమెంటు రోడ్డు పట్టుకుని ఎదురుగాలిలో చుట్టూ తిరిగి వచ్చేవాళ్ళం.

"సిమెంటు మీద తొక్కడానికైతే మా అత్త కూడా వస్తుంది. జనం వచ్చేది బురద కోసమయ్యా," అన్నాడు సంఘం అధ్యక్షుడు నార్బర్ట్.

"అక్కడ నేల మంచిది కాదు," అన్నాడు ఓడిల్.

"మా తాత కొన్న నేల. మంచిదో చెడ్డదో మాకు తెలీదా? నువ్వు కౌలుదారువి, అది గుర్తుంచుకో."

ఆ పొలం నార్బర్ట్‌దే. బల్ల మీదున్న సుత్తిని ఓడిల్ పట్టుకునే ఉన్నాడు. నార్బర్ట్ దాన్ని లాగి అల్లుడు కూన్ ఒళ్ళో పడేశాడు. "నువ్వు ఇకనుంచి తొక్కేవాళ్ళకి సూపు పోసే గరిటె పట్టుకో, ఓడిల్. గరిటెకి దారి తప్పే భయం లేదు." అందరూ నవ్వారు. బీరు గ్లాసులు మళ్ళీ నిండాయి. ఓడిల్ టోపీ పెట్టుకుని, తలుపు చప్పుడు కాకుండా వేసి వెళ్ళిపోయాడు.

మేం తొక్కేదాన్ని కొండ సైకిలు అంటారు. మా దేశంలో కొండ ఎక్కడుంది? దుంపల కోతప్పుడు రోడ్డు పక్కన పోసే చక్కెర దుంపల కుప్పే మాకు ఎత్తైనది. మిగతాదంతా చెయ్యి పెట్టి చదును చేసినట్టుంటుంది. అయినా నేల నున్నగా ఉండదు. తాతల నాటి ప్రపంచ యుద్ధం దీన్ని గుల్ల చేసింది. బాంబులు పడ్డ గుంటలు చెరువులయ్యాయి, బంకర్లలో దూడలు పడుకుంటాయి. ఆ గుంటల్లో దిగి ఎక్కడానికే మాకు లావు టైర్లు కావాలి. నేను కూరగాయలు గడ్డకట్టించే ఫ్యాక్టరీలో పని చేస్తాను. పని లేనప్పుడు ఆ యుద్ధం పుస్తకాలు దొరికినవన్నీ చదివాను. సేనాపతుల అల్పాహారం గురించి కూడా రాశారు వాటిలో. మా దుంపల కింద ఎవరున్నారో ఒక్కరూ రాయలేదు.

నాగలికి అప్పట్లో పేలకుండా మిగిలిన ఫిరంగి గుండు తగిలితే మావాళ్ళు కంగారుపడరు. ఎత్తుకొచ్చి దగ్గర్లోని కరెంటు స్తంభం మొదట్లో పెట్టి పనిలో పడతారు. సైన్యం బండి వచ్చి పట్టుకుపోతుంది. గుండే కాదు, ముళ్ళతీగ, పార, తుప్పు పట్టిన డబ్బా, నేల కక్కినది ఏదైనా స్తంభం దగ్గరికే. చిన్నప్పటి నుంచి చేతులకి పట్టిన అలవాటు. అది ఏమిటని చూసే అలవాటు మాత్రం ఎవరికీ లేదు.

కూన్ పెట్టిన బాణాలు గడ్డి పట్టీ మీదుగా పోయాయి. మెత్తటి గడ్డి, అందరికీ నచ్చింది. మొదటి ఏడు గడ్డి నలిగింది. మరుసటి ఏడు గాడి పడింది. ఆ తర్వాతి చలికాలం వానలు పట్టుకుని వదల్లేదు, గాడి కాలవయ్యింది. యాత్ర రోజున అక్కడే నా ముందు చక్రం గాలి పోయింది. దిగి చూస్తే టైరులో పొట్టి మేకు, తల వెడల్పుగా ఉంది. నా వెనకే వచ్చిన కూన్ కాలితో గాడిలో కెలికాడు. బురదలోంచి, అడుగున అలాంటి మేకులే కొట్టిన బూటు ఒకటి పైకి లేచింది. "ఇదేరా నీ దొంగ," అని నవ్వి, దాన్ని మడమ పట్టుకుని తీసుకెళ్ళి, స్తంభం దగ్గరున్న రెండు గుండ్ల పక్కన నిలబెట్టాడు. నేను టైరు అతుకు వేసుకుని తొక్కుకుంటూ పోయాను.

సూపు ఇచ్చే చోట ఓడిల్ ఏప్రన్ కట్టుకుని గరిటెతో నిలబడి ఉన్నాడు.

"ఏరా లైబ్రరీ, ఇంత ఆలస్యం? దారిలో పుస్తకం తెరిచావా?"

"మేకు దిగింది బాబాయ్. చూడు, పాతకాలపుది." అరచేతిలో పెట్టి చూపించాను.

ఆయన గరిటె సూపులోనే వదిలేశాడు. "ఎక్కడ?"

"మీ గడ్డి పట్టీలో. బూటు కూడా ఉంది. కూన్ స్తంభం దగ్గర పెట్టాడు."

ఓడిల్ ఏప్రన్ విప్పకుండానే తన పాత సైకిలెక్కాడు. నేను వెనకే వెళ్ళాను. స్తంభం దగ్గర ఆయన మోకాళ్ళ మీద కూర్చుని బూటుని రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. లోపల మన్ను గట్టిపడి ఉంది. ఆ మన్నులో తెల్లగా, సన్నగా, వేళ్ళు ఉండవలసిన చోట వేళ్ళు ఉన్నాయి. ఓడిల్ ఏప్రన్‌లో చుట్టాడు, చలికి వణికేవాణ్ణి చుట్టినట్టు.

అప్పుడు చెప్పాడు. ఆయన కుర్రవాడుగా ఉన్నప్పుడు దుంపల కోతలో వాళ్ళ నాన్న పారకి ఒక మనిషి తగిలాడు. కబురు పెడితే తవ్వకాలవాళ్ళు వస్తారు, పొలం ఆగిపోతుంది, దుంపలు నేలలోనే కుళ్ళుతాయి. కౌలు రైతుకి అంతకంటే చావు లేదు. "దుంపలవ్వగానే చెబుదాం" అని నాన్న మళ్ళీ మన్ను కప్పాడు. దుంపలయ్యాక గోధుమ విత్తనాలొచ్చాయి. ఆ తర్వాత ఇంకేదో వచ్చింది. నాన్న చెప్పకుండానే పోయాడు. ఓడిల్ ఆ పట్టీని దున్నడం మానేసి గడ్డి పెరగనిచ్చాడు.

"ఇప్పుడైనా చెప్పు బాబాయ్."

"ఎప్పటి నుంచి తెలుసని అడుగుతారు కదరా. మా నాన్న పేరు చెప్పాలి."

"మీ నాన్న పోయాడు. గోతిలోవాడూ పోయాడు. బతికున్నవాడివి నువ్వొక్కడివే. భయం ఎవరికి?"

ఆయన లేచి ఏప్రన్ మూట చంకలో పెట్టుకున్నాడు. బూటుని ఇంటికి తీసుకెళ్ళి పాలగదిలో అరమీద పెట్టాడు.

ఆ వారం ఆయన పాలు పోసే కేంద్రం దగ్గర కనిపించినప్పుడల్లా కళ్ళు లోపలికి పోయి ఉండేవి. "వాకిట్లో ఎవరో నడుస్తున్నారురా," అన్నాడొకసారి, ఎవరూ దగ్గర లేనప్పుడు. "ఒక అడుగు టక్కుమంటుంది. రెండోది చప్పుడే చెయ్యదు. మళ్ళీ టక్. ఒక కాలికే బూటుంది వాడికి."

ఆదివారం ప్రార్థనకి వేసుకునే కోటు వేసుకుని, బూటుని చిట్టి క్యాబేజీల పెట్టెలో పెట్టుకుని, ఆయనే సైకిల్ మీద పోలీసుల దగ్గరికి వెళ్ళాడు. గడ్డి పట్టీ మీద తెల్ల డేరా లేచింది. మనిషి దొరికాడు. ఒక కాలికి బూటు ఉంది. పేరు చెప్పేది ఏదీ దొరకలేదు. ఊరి చివర సైనికుల శ్మశానంలో, తెల్ల రాళ్ళ వరసల్లో కొత్త రాయి ఒకటి నిలబెట్టి, ఇతని పేరు దేవుడికి తెలుసని చెక్కారు. పోలీసులు ఓడిల్ నాన్న గురించి గట్టిగా అడగనే లేదు. రాసుకుని, తలూపి, పంపించేశారు. ఇన్నేళ్ళు భయపడింది ఆ తలూపుడికే.

కానీ ఊరు మారిపోయింది. ఓడిల్ కెఫేలోకి వస్తే పేకాట ఆగేది. ముసలి రైతులు గ్లాసుల్లోకి చూసుకునేవాళ్ళు. మెచ్చుకోలేదు, తిట్టలేదు. పక్క ఊరి కౌలుదారు ఒకడు మాత్రం తాగి నోరు జారాడు: "నువ్వొక్కడివే నీతిమంతుడివైపోయావా ఓడిల్? మా అందరి పొలాల్లోకీ డేరాలు తెస్తావా?" నార్బర్ట్ వాణ్ణి చెయ్యి పట్టుకుని బయటికి లాక్కెళ్ళాడు. తిరిగి వచ్చినప్పుడు నార్బర్ట్ మొహంలో రక్తం లేదు. అది నేను చూశాను. ఓడిల్ కూడా చూశాడు.

మరుసటి చలికాలం ముందు నార్బర్ట్ నన్ను పిలిచి చెక్క సుత్తి చేతికిచ్చాడు. "నువ్వైతే వింటాడు. మళ్ళీ బాణాలు తననే పెట్టమను. ఎక్కడ తిప్పుకుంటే అక్కడే తిప్పుకోమను."

తీసుకెళ్ళాను. ఓడిల్ పాలగది గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. సైకిల్ గోడకి ఆనించి ఉంది, గొలుసు తుప్పు పట్టింది. సుత్తి అందుకుని పిడి మీద బొటనవేలితో రాశాడు, మళ్ళీ నా ఒళ్ళో పెట్టాడు.

"గెలిచావు కదా బాబాయ్. సుత్తి వాళ్ళే పంపారు. ఆ పట్టీలో కూడా ఇప్పుడెవరూ లేరు, హాయిగా తొక్కొచ్చు."

ఆయన చదునుగా పరుచుకున్న పొలాల వైపు చూశాడు. దుంపలు తవ్వుతున్న యంత్రాలు దూరంగా కదులుతున్నాయి. ఆ తర్వాత రెండు నెలలకే గుండె ఆగి పోయాడు, నేను ఆయన్ని చూడటం అదే ఆఖరు. ఆ రోజు ఆయన అన్నది ఇది:

"వాడొక్కడు ఎక్కడున్నాడో తెలిసినన్నాళ్ళూ, అది తప్పించి మిగతా చోటల్లా ధైర్యంగా తొక్కానురా. ఇప్పుడు చక్రం ఎక్కడ పెట్టాలో తెలియడం లేదు."