డెల్మర్ కౌబా కప్పు

ఎన్నికలు దగ్గరపడ్డాయంటే తాబోర్ ఫోర్క్ ఊళ్ళో అందరికంటే ముందు తెలిసేది లెనోరా వావ్రాకే. పార్టీవాళ్ళ వల్ల కాదు, టీవీ వల్ల అసలే కాదు. ఆమె హోటల్ ముందు ఓ అద్దె కారు వచ్చి ఆగుతుంది. అందులోంచి తూర్పు తీరపు విలేకరి ఎవరో కొత్త బూట్లతో దిగి, మొక్కజొన్న గిడ్డంగిని ఒక ఫోటో, చర్చి శిఖరాన్ని ఒక ఫోటో తీసుకుని, లోపలికొచ్చి కూర్చుని, ఇక్కడి జనం దేనిమీద కోపంగా ఉన్నారని అడుగుతారు.

"కోపమేం లేదు బాబూ, మోకాళ్ళ నొప్పులు" అంటుంది లెనోరా. ఆ మాట ఇంతవరకూ ఏ పేపర్లోనూ రాలేదు.

అరవై దాటిన మనిషి. చీకటితో లేచి గసగసాలు పెట్టిన తీపి రొట్టెలు, కొలాచీలు, కాల్చి, పెద్ద కాఫీ కెటిల్ పొయ్యి మీదకెక్కించి, తలుపు తీస్తుంది. అమెరికా నడిమధ్య నెబ్రాస్కాలో ఆ మూలంతా ఒకటే పార్టీ. ఓటొచ్చిన నాటినుంచీ లెనోరా ఓటూ దానికే. ఆదివారం చర్చిలో పూజకు వెళ్ళాలి, బళ్ళో పిల్లలకు ఏం చెబుతున్నారో కన్నవాళ్ళకు తెలియాలి, కష్టపడి సంపాదించుకున్నది మనకు మిగలాలి, ప్రభుత్వం మన గుమ్మం బయటే ఆగాలి. ఇవీ ఆమె రాజకీయాలు. ఇందులో వింతేముందో, దీన్ని చూడ్డానికి అంతంత దూరం నుంచి విమానాలెక్కి రావడమేమిటో ఆమెకు ఏనాడూ అర్థం కాలేదు. జూలో ఎలుగుబంటిని చూసినట్టు చూసి, ఎలుగుబంటి పాపం మంచిదేనని రాసి పోతారు.

ఒకసారి టీవీవాళ్ళొచ్చి పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా తీశారు. పంట ధర గురించి, మూతపడ్డ ఆసుపత్రి గురించి, కాపలా లేని సరిహద్దు గురించి అందరూ ఓపిగ్గా చెప్పారు. రాత్రి అందరూ ముస్తాబై టీవీ ముందు కూర్చుంటే చూపించిందేమిటయ్యా అంటే, ఊరి రైతు డెల్మర్ కౌబా నోటినిండా కొలాచీ కుక్కుకుని నములుతున్న బొమ్మ. వెనకాల ఎవరిదో గంభీరమైన గొంతు, ఈ మైదానాల్లో అసంతృప్తి రగులుతోందని. డెల్మర్ భార్య మార్గీ వారం రోజులు బయటికి రాలేదు.

అలాగని మనవాళ్ళ చానల్ అని గోడకు తగిలించుకున్నదేమైనా తక్కువ తిందా? అదీ పొద్దస్తమానం అరుపులే. ఏదో కొంప మునిగిపోతోందన్న వార్త లేకుండా గంట గడవదు దానికి. చెప్పేది లెనోరాకి ఇష్టమైనదే, చెప్పే తీరుకే తల వాచిపోయింది. నిరుడొకరోజు గిన్నెలు తోముతూ తోముతూ వచ్చి దాని గొంతు నొక్కేసింది. అప్పటినుంచీ బొమ్మ కదులుతుంది, మాట రాదు. ఎవరూ అదేమని అడగలేదు.

కిటికీ పక్క గుండ్రబల్ల ఊరి మగవాళ్ళది. వాళ్ళ కప్పులు గోడకున్న మేకులకు వేలాడుతుంటాయి, ఒక్కోదానిమీద ఒక్కో పేరు. పొద్దున్నే వచ్చి ఎవడి కప్పు వాడు తీసుకుంటాడు. తోలుడబ్బాలో పాచికలేసి, ఓడినవాడు అందరి కాఫీకీ డబ్బిచ్చుకుంటాడు. మనిషి పోతే అతని కప్పు దించి, కడిగి, ఇంటివాళ్ళకు ఇచ్చేస్తుంది లెనోరా. బతికున్నవాడి కప్పు దుమ్ము పట్టడం మాత్రం ఆ హోటల్లో ఎన్నడూ లేదు. డెల్మర్ కౌబా కప్పుతో అదీ అయింది.

గొడవ మొదలైంది కిందటేడు చలికాలంలో. డెల్మరూ, లెనోరా అన్న మిలో వావ్రా ఒకే బళ్ళో ఒకే బల్లమీద కూర్చున్నవాళ్ళు. డెల్మర్ కొడుకు కర్ట్‌కి జ్ఞానస్నానమప్పుడు జ్ఞానతండ్రిగా నిలబడింది మిలోయే. ఆ కర్ట్ సైన్యంలో చేరి ఇరాక్‌లో చనిపోయాడు. అప్పటినుంచీ ఏటా, యుద్ధాల్లో పోయినవాళ్ళను తలుచుకునే మెమోరియల్ డే నాడు, శ్మశానంలో డెల్మర్ కొడుకు పేరు చదివితే, మిలో సమాధి దగ్గర జెండా నాటుతాడు. తండ్రులిద్దరూ చేయాల్సిన పని అది.

ఇప్పుడు ఎక్కడో దేశం కాని దేశంలో ఇంకో యుద్ధం జరుగుతోంది. మనం ఆయుధాలు పంపాలా వద్దా అని గుండ్రబల్ల దగ్గర రోజూ వాదనే.

"మన సరిహద్దు మనం కాసుకోలేంగానీ, ఇంకొకడి సరిహద్దుకు కాపలానా?" అనేవాడు మిలో.

"మాటిచ్చాక నిలబడాలిరా. రేపు మనమాట ఎవడు నమ్ముతాడు?" అనేవాడు డెల్మర్.

ఇద్దరి ఓటూ ఒకే పార్టీకే. వాదించుకుని, పాచికలేసుకుని, ఇళ్ళకు పోయేవారు. ఆ చలికాలంలోనే తూర్పు పేపరు నుంచి పేజ్ అనే పిల్ల వచ్చింది. మిలోని కూర్చోబెట్టి, చేతిలో ఫోను పెట్టుకుని అడిగింది. అతను చెప్పాడు. ఆదివారం పేపర్లో 'కంచుకోటలో బీటలు' అని పెద్ద అక్షరాలు, కింద మిలో ఫోటో, దానికింద అతని మాట ఒక్కటే: ఆ యుద్ధం మా పిల్లల్ని తీసుకుంది, తిరిగి ఏమీ ఇవ్వలేదు.

మర్నాటినుంచి డెల్మర్ రావడం మానేశాడు. తన కొడుకు ఊరికే చచ్చాడని మిలో లోకమంతటికీ చాటాడట. లెనోరా వెళ్ళి, మా అన్నయ్య ఇంకా చాలా చెప్పాడు డెల్మర్, నేను కాఫీ పోస్తూ విన్నానని మొత్తుకుంది.

"నువ్వు వాడి చెల్లెలివి, అలాగే అంటావులే" అన్నాడతను.

చూడండి మరి మనిషి తీరు. జీవితమంతా ఆ పేపరు రాసేవన్నీ అబద్ధాలని బల్ల గుద్ది చెప్పిన మనిషి. వాతావరణం కూడా తప్పే రాస్తారని ఆడిపోసుకున్న మనిషి. అందులో నమ్మింది ఒకే ఒక్క వాక్యం, అదీ తన స్నేహితుడి మీద. లెనోరాకి ఏడుపు రాలేదు, నీరసం వచ్చింది.

మిలో సంగతి సరేసరి. "అన్నయ్యా, ఒక్కసారి వెళ్ళి నీ నోటితో చెప్పు" అంటే వినడు.

"వాడు నన్ను అడగాలి. అడక్కుండా పేపర్ని నమ్మినవాడికి నేనెందుకు సంజాయిషీ ఇచ్చుకోవాలి?"

"ముసలితనంలో ఈ పంతాలేమిటి అన్నయ్యా?"

"ఉన్నదదొక్కటే. అదీ వదిలేయమంటావా?"

కిందటేడు మెమోరియల్ డే నాడు జెండా ఎవరో మాజీ సైనికుడు నాటాడు. మిలో గేటు బయట తన ట్రక్కులో కూర్చుని ఉండిపోయాడు. ఈ ఏడు ఆ రోజు దగ్గరపడుతుంటే లెనోరాకి గుండెలో రాయి పడ్డట్టుంది. మిలోకి మొన్ననే గుండె ఆపరేషన్ అయింది. డెల్మర్‌కి చూపు తగ్గుతోంది. ఈసారి కూడా ఇలాగే గడిచిపోతే ఇక ఆ ఇద్దరూ ఆ సమాధి దగ్గర కలిసి నిలబడేది లేదు.

సరిగ్గా ఆ వారంలోనే అద్దె కారు మళ్ళీ వచ్చింది. దిగింది పేజే. ఈసారి బూట్లు కాస్త అరిగి ఉన్నాయి. కోపాల గురించి ఆమె ఇంకా నోరు తెరవకముందే లెనోరా కాఫీ పోసి ఎదురుగా నిలబడింది.

"అమ్మాయ్, ఆ రోజు మా అన్నయ్య మాట్లాడింది నీ ఫోనులో ఇంకా ఉందా?"

"ఉంది. అందులో ఉన్నదే రాశానండీ, లేనిది రాయలేదు."

"లేనిది రాశావన్నానా? ఉన్నది వదిలేశావన్నాను."

పేజ్ తల దించుకుంది. "నేను మొత్తం ఇచ్చాను లెనోరా గారూ. చోటు లేదని పైవాళ్ళు కోసేశారు."

"అది ఒకాయనకి వినిపించాలి. నాతో రా."

"బయటివాళ్ళకి వినిపించకూడదు, మా ఆఫీసు రూలు."

"బయటివాళ్ళెవరమ్మా? మాట్లాడింది మా అన్న, పోయినవాడు మా పిల్లాడు. బయటిదానివి నువ్వు."

పేజ్ కాఫీ సగంలో వదిలేసి లేచింది.

డెల్మర్ షెడ్డులో ట్రాక్టర్ కింద ఏదో బిగిస్తున్నాడు. పేజ్‌ని చూసి మొహం తిప్పుకున్నాడు. లెనోరా వినమంది. ఫోనులోంచి మిలో గొంతు వచ్చింది.

"ఆ యుద్ధం మా పిల్లల్ని తీసుకుంది, తిరిగి ఏమీ ఇవ్వలేదు. మా డెల్మర్ కొడుకుని తీసుకుంది. జ్ఞానస్నానం రోజున వాణ్ణి ఎత్తుకున్నది నేనమ్మా. పంపితే వెళ్ళాడు, చెప్పింది చేశాడు, వాడి వైపు ఏ లోటూ లేదు. మా ఊళ్ళో అంత మంచి పిల్లాడు మళ్ళీ పుట్టలేదు. ఇంకొకణ్ణి పంపేముందు మీ ఊరి పెద్దమనుషుల్ని ఒక్కసారి ఇక్కడికొచ్చి వాడి రాయి ముందు నిలబడమను."

డెల్మర్ చేతిలో పానాతో మళ్ళీ ట్రాక్టర్ కిందికి దూరాడు. లెనోరా పేజ్‌ని తీసుకుని వచ్చేసింది.

మర్నాడు పొద్దున్నే డెల్మర్ హోటల్ తలుపు తోశాడు. అతను తన కప్పు జోలికి పోకుండా నేరుగా మిలో ఎదుటికి వచ్చి నిలబడ్డాడు.

"పొరపాటైందిరా. నువ్వన్నది మొత్తం విన్నాను నిన్న."

"ఎవరు చెప్పారు?"

"ఆ పేపరు పిల్ల. ఫోనులో వినిపించింది."

మిలో కాఫీ కప్పు కింద పెట్టాడు. "అంటే అప్పుడూ వాళ్ళనే నమ్మావు, ఇప్పుడూ వాళ్ళనే నమ్మావు" అన్నాడు. టోపీ తీసుకుని, పాచికలు వేయకుండానే బయటికి వెళ్ళిపోయాడు. డెల్మర్ కూడా వెళ్ళిపోయాడు. లెనోరా ఎప్పుడూ పనివేళ కూర్చోదు, ఆ రోజు కూర్చుంది. తను చేసిన మంచి పని ఇంతేనన్నమాట అనుకుంది. అన్నయ్యమీద పట్టరాని కోపమొచ్చింది, అతను అన్నదాంట్లో తప్పు కూడా కనిపించలేదు.

మెమోరియల్ డే నాడు ఊరంతా శ్మశానం దగ్గరుంది. మాజీ సైనికులు వరసగా నిలబడ్డారు. పేజ్ కూడా ఒక పక్కగా నిలబడింది. మిలో ట్రక్కు గేటు బయట ఆగి ఉంది, అతను దిగలేదు. పేర్లు చదవడం మొదలైంది. కర్ట్ కౌబా వంతు రాగానే డెల్మర్ ముందుకొచ్చాడు. కాగితం తెరిచి, మళ్ళీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. కొడుకు సమాధికి నాటాల్సిన జెండా తీసుకుని, ఊరంతా చూస్తుండగా సమాధుల మధ్యనుంచి గేటు దాకా నడిచాడు. లెనోరా భయపడి వెనకాలే వెళ్ళింది.

డెల్మర్ ట్రక్కు కిటికీ దగ్గర ఆగాడు. "ఆ రోజు ఏమన్నావురా మిలో?"

"విన్నావుగా."

"అది ఫోను. నేను నిన్నడుగుతున్నాను."

మిలో తలుపు తీసుకుని మెల్లగా దిగాడు. ఆపరేషన్ అయిన ఛాతీమీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాడు.

"ఆ యుద్ధం మనకేమీ ఇవ్వలేదన్నాను. ఇవాళా అదే అంటాను. వాడి రాయి ముందు నిలబడి కూడా అదే అంటాను. నీకు కష్టమైతే చెప్పు, ఇటునుంచి ఇటే వెళ్ళిపోతాను."

డెల్మర్ జెండా కర్రను రెండు చేతులతో పట్టుకున్నాడు.

"నాకూ అంతే అనిపిస్తుందిరా. వాణ్ణి పెట్టెలో తెచ్చిన రోజునుంచీ. మార్గీతో కూడా ఎప్పుడూ అనలేదు. పేపర్లో ఆ మాట చూసేసరికి నా లోపలున్నది ఎవరో లాగి బయట పడేసినట్టయింది. ఎవరిమీద పడాలో తెలియక నీ మీద పడ్డాను."

మిలో చెయ్యి చాపి జెండా అందుకున్నాడు. ఇద్దరూ పక్కపక్కనే వెనక్కి నడిచారు, ఒకడు గుండె పట్టుకుని, ఒకడు దారి సరిగా కనబడక.

పేజ్ లెనోరా పక్కకు వచ్చింది. ఫోను చేతిలోనే ఉంది. "వాళ్ళేం మాట్లాడుకున్నారండీ?" అని మెల్లగా అడిగింది.

"మోకాళ్ళ నొప్పుల గురించి" అంది లెనోరా.

కర్ట్ కౌబా పేరు చదవడం వినిపించింది. నేలలోకి జెండా కర్ర దిగే దాకా ఉండి, అందరికంటే ముందు ఆమె హోటల్‌కి వచ్చేసింది. కాసేపట్లో అంతా కాఫీకి వస్తారు. గోడమీది డెల్మర్ కప్పు దించి, వేన్నీళ్ళతో కడిగి, తుడిచి, మిలో కప్పు పక్కన బల్లమీద పెట్టింది.