కాటుక కాదు సార్, పుట్టుమచ్చే!

విజయనగరం నుంచి వచ్చి, సికింద్రాబాద్‌లో పిన్నిగారింట్లో దిగి, బేగంపేటలోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరిన మొదటి రోజది. దొంగ సర్టిఫికెట్లతో ఉద్యోగాలకు వచ్చేవాళ్లు ఎక్కువై, కంపెనీలు ప్రతి కాగితాన్నీ అనుమానంగా చూస్తున్న కాలం. తనిఖీ చేసే ఆఫీసరు నా టెన్త్ సర్టిఫికెట్టునూ ఫొటోనూ పక్కపక్కన పెట్టి కళ్లు చిట్లించాడు.

“ఎడమ బుగ్గ మీద పుట్టుమచ్చ అని రాసుంది. ఫొటోలో ఏదమ్మా?”

అప్పుడు గుర్తొచ్చింది. ఏ.ఎస్. రావు నగర్‌లో కొత్తగా పెట్టిన డిజిటల్ స్టూడియో అతను కెమెరాను ఆటో మోడ్‌లో పెట్టి టక్కున నొక్కి, “కంప్యూటర్ల జెర సాఫ్ చేస్తా మేడమ్” అంటే మురిసిపోయాను. సాఫ్ చేసింది నా మచ్చనన్నమాట!

“ఇదిగో సార్, ఉంది” అని బుగ్గ చూపించాను.

“సర్టిఫికెట్టు చూసి కాటుకతో పెట్టుకున్నావేమో. తుడువు.”

నలుగురి ముందు తడి రుమాలుతో బుగ్గ కందిపోయేలా రుద్దుకున్నాను. మచ్చ పోలేదు. ఆయన అనుమానమూ పోలేదు. “రెండ్రోజుల్లో వేరే ఫొటో తీసుకురా” అన్నాడు.

సాయంత్రం బొల్లారంలో, పాత రీలు కెమెరాతోనే ఫొటోలు తీసే రహీం భాయ్ ముందు కూర్చున్నాను. ఆయన లైటు జరుపుతాడు, లెన్సు చేత్తో తిప్పుతాడు, ఎంతకీ నొక్కడే!

“మచ్చ పడుతుందా భాయ్?” నాలుగోసారి అడిగాను.

“ఏందమ్మా, గిట్ల పరేషాన్ అయితున్నవ్? ఫ్లాష్ కొడితే మొహం తెల్లగైతది, మచ్చ కొట్టుకపోతది. అందుకే లైటు సెట్ చేస్తున్న.”

ఆ ఫొటోతో ఉద్యోగం నిలబడింది. ఇప్పటికీ ఎవరు ఫొటో తీసినా ముందు ఎడమ బుగ్గ చూస్తాను, అందులో పడింది నేనేనా అని.