కువైట్ వెళ్ళేవాళ్ళ కోటు

నా పాత కెమెరా మీద చెయ్యి వేసి చెబుతున్నాను, ఇందులో ప్రతి అక్షరమూ నిజం. అబద్ధమైతే నేను తీసిన ఫొటోల్లో అందరూ కళ్ళు మూసుకుందురు గాక.

1997లో రాజోలు బస్టాండు దగ్గర నాకు చిన్న ఫొటో స్టూడియో ఉండేది. మా ప్రాంతం వదిలి గల్ఫ్ వెళ్ళేవాళ్ళకి పాస్‌పోర్ట్ సైజు కావాలి. మా ప్రాంతానికి పని కోసం వచ్చి స్థిరపడేవాళ్ళకి రేషన్ కార్డు ఫొటో కావాలి. అందుకని నా స్టూలు చల్లబడేది కాదు.

గోడకి ఒక నల్ల కోటు వేలాడేది. దాని వీపు నిలువునా చీల్చి ఉంచాను. ఎంతటి మనిషికైనా ముందు నుంచి తొడిగి, వెనక బట్టల క్లిప్పులు బిగిస్తే కెమెరాకి కలెక్టరే. బ్యాక్‌గ్రౌండ్, అంటే వెనక తెర, తెల్లగా ఉండాలి కాబట్టి నల్ల కోటు చక్కగా విడిగా కనబడేది. మా వైపు నుంచి కువైట్ వెళ్ళిన మగాళ్ళలో సగం మంది ఆ ఒక్క కోటులోనే వెళ్ళారు.

ఒకరోజు పదింటికి అమలాపురం నుంచి వీసా ఏజెంటు ఫోన్ చేశాడు. సత్తిబాబు ఫొటో పనికిరాదట. సాయంత్రం నాలుగింటిలోగా కొత్తది అందకపోతే ఆ వీసా ఇంకొకరికి ఇచ్చేస్తాడట. సత్తిబాబుది దింపు పని, అంటే కొబ్బరిచెట్లెక్కి కాయలు దించడం. కువైట్‌లో ఖర్జూరం చెట్లెక్కే పని కోసం రెండేళ్ళుగా కాచుకుని ఉన్నాడు. కబురు పంపితే, అక్క సుగుణమ్మని సైకిలు మీద ఎక్కించుకుని రొప్పుతూ వచ్చాడు.

"ఏమైందండి గురువుగారూ? నా మొహం బాలేదన్నారా?"

"మొహం కాదయ్యా, కోటు. అక్కడి షేకుగారు మండిపడుతున్నారట. పదకొండుమందిని పంపమంటే ఒక్కడికే తలకాయలు మార్చి పంపుతున్నారేమిటని!"

"ఆయ్, నేనప్పుడే చెప్పేనండి," అంది సుగుణమ్మ. "ఊరందరూ తొడిగింది తొడగొద్దురా అని. వింటేనా ఈ వెధవ!"

కోటు పోతే మిగిలింది సత్తిబాబు ఒంటిమీది తెల్ల చొక్కా. తెల్ల తెర ముందు తెల్ల చొక్కా అంటే తలకాయ ఒక్కటే గాల్లో తేలుతుంది. నెగటివ్ కడిగి, ఆరబెట్టి, ప్రింటు తీయడానికి ఎంత అర్జంటన్నా గంటన్నర. ఆపైన అమలాపురం బస్సు.

బెంచీ మీద అప్పలనాయుడు కూర్చుని ఉన్నాడు. శ్రీకాకుళం వైపు నుంచి భార్యతో వచ్చి, కొబ్బరి పీచు మిల్లులో పనిచేస్తూ, కార్డు ఇక్కడే పెట్టుకుందామని ఫొటోకి వచ్చాడు. ఒంటిమీద ముదురు నీలం గళ్ళ చొక్కా. ముగ్గురమూ దానికేసి చూశాం.

"ఏటి బాబూ, అలగ సూత్తన్నారు?" అంటూ గుండీలు గట్టిగా పట్టుకున్నాడు.

"నీకు పుణ్యముంటుంది నాయనా, ఆ చొక్కా మా తమ్ముడికి ఒక్క క్షణం ఇయ్యి," అంది సుగుణమ్మ.

"ఇత్తాను గానమ్మా, మరి నా బొమ్మో?"

"నీకు కోటు ఉందిగా!" అన్నాను నేను.

నెగటివ్ ఫ్యాను కింద ఆరుతుండగా సత్తిబాబు అడిగాడు. "ఏం నాయుడూ, చెట్టెక్కడం వచ్చా?"

"మాది ఉద్దానం బాబూ. కొబ్బరితోటల్లో పుట్టినోల్లం. నడక కంటే ముందు సెట్టెక్కడమే నేర్సినాం."

"అయితే నా తోటలు నువ్వు చూసుకో. నేనెళ్ళిపోతే దింపు ఎవరు తీస్తారని రైతుగారు బెంగెట్టేసుకున్నారు."

"కత్తీ, చెట్టెక్కేటప్పుడు కాళ్ళకేసుకునే బందం మా ఇంట్లో ఉన్నాయి. వచ్చి పట్టుకెళ్ళు," అంది సుగుణమ్మ.

సత్తిబాబు తన తెల్ల చొక్కా నాయుడికి వదిలేసి, ఆ గళ్ళ చొక్కాతోనే బస్సెక్కాడు. నాలుగు కొట్టేలోపు ఫొటో అందింది, వీసా దక్కింది. నెల తిరిగేసరికి అతని చెట్ల మీద అప్పలనాయుడు ఉన్నాడు. కోటులో ఫొటో దిగిన పుణ్యాన, రేషన్ డీలరు అతన్ని నేటికీ "ప్లీడరుగారూ" అనే పిలుస్తాడు.

ఇక ఒప్పుకోలు. షేకుగారి కోపం నా కల్పన. పాస్‌పోర్టులో "ఎడమ బుగ్గ మీద పుట్టుమచ్చ" అని ఉంది. నేనేమో ముచ్చటపడి రీటచింగ్ చేశాను, అంటే నెగటివ్ మీద సన్నగా దిద్ది ఆ మచ్చని మాయం చేశాను. ఏజెంటు అడిగింది ఒక్కటే, "మచ్చ ఏదండి?" అని. ఆ మాట సత్తిబాబుతో అనే ధైర్యం లేక తప్పు కోటు మీదికి నెట్టాను. ఒకసారి నెట్టాక మళ్ళీ అదే కోటు ఎలా తొడగను? ఆనాటి నుంచి ఎవరి మచ్చ జోలికీ పోలేదు, పెళ్ళికూతుళ్ళు బతిమాలినా సరే.

సత్తిబాబు సెలవుకి వచ్చినప్పుడల్లా షేకు కథ తిరిగి నాకే చెబుతాడు. ఈమధ్య అందులో షేకుగారు ఒంటె దిగి మరీ అరుస్తున్నారు. ఆ ఒంటె మాత్రం నాది కాదు.