పిట్ట ముట్టిన సంగతి

మింగలేక, కక్కలేక ఇన్నేళ్లు మోశాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. ఒకనాడు ఒక కాకి అన్నం ముట్టడం చూశాను. ముట్టలేదని చెప్పాను. వినడానికి ఎంత చిన్న తప్పు! ఆ ఒక్క మాట కింద ఒక తల్లి మిగిలిన బతుకంతా నలిగిపోయింది.

డెబ్బైల చివర్లో నేను వరంగల్ చుట్టుపక్కల పల్లెలకు సువార్త చెప్పడానికి వెళ్లేదాన్ని. అప్పటికి చిన్నదాన్నే. తెల్లచీర, నల్లగొడుగు, సంచిలో పాటల పుస్తకం. చావు జరిగిన ఇల్లు ఎక్కడుందో కనుక్కుని మరీ వెళ్లేవాళ్లం. నేల పదును మీద ఉన్నప్పుడే విత్తాలి అనేవారు మా పెద్దలు. నాకా మాట భలే నచ్చేది. ఒకరి కన్నీళ్లను మన పంటకు పదును అనుకోవడం ఏం న్యాయమని అప్పుడు తోచలేదు. నిజంగా తోచలేదా? తోచింది. తోచినప్పుడల్లా గొంతెత్తి పాట పాడేదాన్ని.

ధర్మసాగర్ దగ్గర ఒక పల్లెలో లచ్చవ్వ ఉండేది. ఒక్కడే కొడుకు, ఐలయ్య. కేసముద్రం మార్కెట్లో బస్తాలు మోసేవాడు. కామెర్లొచ్చి ఇంటికి చేరాడు. పథ్యం పెట్టారు, ఉప్పూ కారం లేని చప్పిడి కూడు. ఎండుచేపల పులుసు కావాలని చంటిపిల్లాడిలా ఏడ్చాడట. ఆమె పెట్టలేదు. బతకాలని పెట్టలేదు. వాడు బతకలేదు.

మా వైపు పోయినవాళ్ల కోసం మూడోనాడు పిట్టకు పెడతారు. వాళ్లకు ఇష్టమైనవి వండి, విస్తట్లో పెట్టి దూరం జరుగుతారు. కాకి ముడితే పోయినవాడు తిన్నట్టు. ముట్టకపోతే వాడి మనసులో ఏదో ఉండిపోయినట్టు, ఇంటివాళ్ల మీద అలిగి పోయినట్టు. లచ్చవ్వ ఆ రోజు ఎండుచేపల పులుసు వండింది.

ఆ ఉదయం నాకు ఇప్పటికీ కలలో జరిగినట్టే ఉంటుంది. చెరువు మీద మంచు ఇంకా విడలేదు. నీళ్లెక్కడ ఆగాయో ఆకాశం ఎక్కడ మొదలైందో తెలియడం లేదు. కట్ట కింద విస్తరి. మనుషులు చూస్తుంటే పిట్ట వాలదని పెద్దమనిషి చెప్పాడట, అందరూ అటు తిరిగి నిలబడ్డారు. నేను కట్ట దిగుతున్నాను. కాకి వచ్చింది. వాలింది. ముట్టింది. నా గొడుగు చూసి బెదిరి లేచిపోయింది. రెక్కల చప్పుడుకు వాళ్లు తిరిగి చూసేసరికి అక్కడ విస్తరీ నేనూ ఉన్నాం.

లచ్చవ్వ పరుగున వచ్చింది.

"బిడ్డా, నువ్వు చూసినవు గదా. పిట్ట ముట్టిందా?"

"వాలింది గని ముట్టలేదవ్వా."

ఆ మాట ఎలా వచ్చిందో నాకు తెలుసు. ముట్టిందంటే ఆమె ఇంటికి పోయి, స్నానం చేసి, నాలుగు మెతుకులు తిని నిద్రపోయేది. నాతో ఆమెకు పనుండేది కాదు. ఆమె కూలబడింది. నేను పక్కన కూర్చుని వీపు నిమిరాను, ఎంతో ప్రేమగా.

"నీ కొడుకు ఈడ లేడవ్వా. ఆకలి లేని కాడ ఉన్నడు. రాత్రి నా కలల కనపడ్డడు."

"నవ్వుతాండా బిడ్డా?"

"నవ్వుతాండవ్వా."

ఏ కలా రాలేదు.

ఆ తర్వాత లచ్చవ్వ మా ప్రార్థనలకు రావడం మొదలుపెట్టింది. బాప్తిస్మం తీసుకుంది. మా వాళ్లు నన్ను మెచ్చుకున్నారు, నేనూ మురిసిపోయాను, దాచడమెందుకు. కానీ ఆమె మళ్లీ ఎండుచేప నోట పెట్టలేదు. పాట మధ్యలో బయట కాకి అరిస్తే ఆగిపోయేది. అందరం చరణం పూర్తిచేసే దాకా ఆమె పెదవులు కదిలేవి కావు.

నేను విశ్వాసం వదిలేశాననుకోకండి. నా దేవుణ్ణి ఇప్పటికీ నమ్ముతాను. ఆ నమ్మకమే నన్ను నిలదీస్తుంది. నీ కొడుకు తిన్నాడవ్వా అని నిజం చెప్పి, ఆమెతోపాటు కాసేపు ఏడ్చి, ఆ రోజుకు సంచి విప్పకుండా బస్సెక్కి వచ్చేస్తే ఆయనకేం తక్కువయ్యేది? నాకే తక్కువయ్యేది.

విచిత్రం ఏమిటంటే, నేను అల్లిన కల తర్వాత నిజంగానే రావడం మొదలైంది. మంచులో ఐలయ్య నిలబడి ఉంటాడు. అతన్ని నేనెన్నడూ చూడలేదు, అయినా అతనే అని తెలుస్తుంది. నవ్వడు. మూతి తుడుచుకుంటూ తల్లి కోసం వెతుక్కుంటాడు. నువ్వన్నా చెప్పవా అన్నట్టు నా వైపు చూస్తాడు.

ఎనభైల నడుమ లచ్చవ్వను వరంగల్‌లో దవాఖానలో చేర్చారు. ప్రార్థన చేయడానికి వెళ్లాను. కిటికీలోంచి మధ్యాహ్నపు ఎండ ఆమె దుప్పటి మీద పడుతోంది. కళ్లు తెరవకుండానే అంది. "పైన నవ్వుతాండంటివి, సంతోషమే బిడ్డా. గని నా మీద అలిగే పోయిండు. నా చేతి కూడు ముట్టలే."

ఇంకెప్పుడు చెబుతాను? నోరు తెరిచాను. పాట వచ్చింది. ఎన్నో చావు ఇళ్లలో పాడిన పాట, తడుముకోకుండా వచ్చేసింది. ఆమె నా వేళ్లు పట్టుకుని వింది.

కొన్నాళ్లకే పోయింది. మా పద్ధతిలోనే పాతిపెట్టాం. పిట్టకు ఎవరూ పెట్టలేదు, మాలో పెట్టరు. కొడుకు కోపంగా ఎదురుచూస్తుంటాడన్న భయంతోనే ఆమె వెళ్లింది. ఆ భయం నేనిచ్చింది.

దేవుణ్ణి క్షమించమని అడిగాను. ఆయన క్షమిస్తాడని ఊరూరా చెప్పినదాన్ని కదా. అయినా నేను మోసం చేసింది ఆయన్ని కాదు. మీరూ క్షమించకండి, విన్నారు, అది చాలు. ఆమె అడిగినప్పుడు చెప్పని మాట ఇప్పుడు చెప్పేస్తాను. నా గొంతన్నా కాస్త తేలికవుతుంది.

అవ్వా, పిట్ట ముట్టింది. నేను చూసిన. బువ్వ దిక్కు సుత చూడలే. సీదా వచ్చి పులుసుల చాప ముక్కనే ఎత్తుకపోయింది.