నోరు తెరిచినందుకు

మంచం పట్టినవాళ్లకు దివ్యసత్ప్రసాదం తీసుకెళ్లే పని ఫాదర్ నాకు అప్పగించారని చెప్పినప్పుడు నా భార్య "నీకా?" అంది. అంతకు మించి ఏమీ అనలేదు గానీ ఆ ఒక్క మాటలోనే చాలా ఉంది. నేను ముక్కోపిని. బస్సు కండక్టరుగా బతుకంతా చేగుంట రూట్లో మనుషుల మీద అరుచుకుంటూ తిరిగినవాణ్ని. టికెట్ లేకుండా ఎక్కినవాణ్ని నడిరోడ్డు మీద దించడంలో నాకు మంచి పేరుండేది. అలాంటివాడి చేతికి ప్రభువు శరీరాన్నిచ్చి ఇంటింటికీ పంపుతారంటే ఎవరికైనా అనుమానం రావడం న్యాయమే.

ఫాదర్‌కు మాత్రం వేరే దారి లేదు. మెదక్‌లో క్రైస్తవులంటే అందరికీ ముందు గుర్తొచ్చేది పెద్ద చర్చివాళ్లు, అంటే ప్రొటెస్టెంట్లు. మా కేథలిక్ విచారణ, అంటే మా ఫాదర్ కింద ఉండే సంఘం, చిన్నది. ఉన్న ఒక్క ఫాదరూ ఇక్కడ పూజ ముగించుకుని శంకరంపేట వైపు ఊళ్లకు పరుగెత్తాలి. కాళ్లూ చేతులూ ఆడుతూ, చేయడానికి పనేమీ లేకుండా గుడి అరుగు మీద కూర్చునేవాణ్ని నేనే కనబడి ఉంటాను. ఏ ప్రార్థన ఎప్పుడు చదవాలో కొన్నాళ్లు దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పించారు. సత్ప్రసాదపు అప్పం పెట్టుకునే చిన్న గుండ్రటి డబ్బా, దాన్ని మెడలో వేసుకోవడానికి ఒక సంచీ ఇచ్చారు. "దారిల ఎవ్వరితోని ముచ్చట పెట్టొద్దు. సీదా పో, సీదా రా," అన్నారు.

ఆ సంచీ మెడలో పడగానే నా నడకే మారిపోయింది. ఆదివారానికి తెల్ల చొక్కా విడిగా ఇస్త్రీ చేయించేవాణ్ని. చాయ్ హోటల్ ముందు దోస్తులు కేకేస్తే, ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని తల ఒకసారి వంచి ముందుకు సాగిపోయేవాణ్ని. వాళ్లు కూడా గమ్మున దారి ఇచ్చేవాళ్లు. మొదట్లో అది నిజంగా భక్తే. రాను రాను, అలా తల వంచడం, వాళ్లు దారి ఇవ్వడం నాకు బాగా రుచించాయి.

నేను వెళ్లే ఇళ్లలో చివరిది మా డ్రైవర్ అన్నది. ఇద్దరం ఏళ్ల తరబడి ఒకే బండి మీద పనిచేశాం. ఆయన నా కంటే పెద్దవాడు, నా కంటే చాలా మెత్తనివాడు. స్టాపు కాని చోట ముసలమ్మ చెయ్యెత్తినా బ్రేకు వేసేవాడు. టైము పోతోందని నేను వెనక నుంచి సణిగితే అద్దంలో చూసి నవ్వేవాడు. రిటైరయిన కొద్ది రోజులకే ఆయనకు పక్షవాతం వచ్చింది. ఒక పక్క పూర్తిగా పడిపోయింది, మాట పోయింది. మనుషులను గుర్తుపడతాడు, నవ్వుతాడు, ఏడుస్తాడు. అంతే.

ఆయన భార్యను నేను వదినా అని పిలుస్తాను. ఆమె పుట్టింటివాళ్లు పెద్ద చర్చివాళ్లు. పెళ్లయినా ఆమె తన చర్చి వదలలేదు, ఆయన వదలమని అడగనూ లేదు. బాగున్న రోజుల్లో ఆదివారం పొద్దున ఆమెను స్కూటర్ మీద పెద్ద చర్చి గేటు దగ్గర దించి ఆయన మా గుడికి వచ్చేవాడు. పూజ కాగానే మళ్లీ వెళ్లి ఎక్కించుకునేవాడు. అన్న బండికి రెండు డిపోలని మేమంతా ఆటపట్టిస్తే ఆ నవ్వే నవ్వేవాడు.

నేను వెళ్లేసరికి వదిన స్టూలు మీద ఉతికిన తెల్ల గుడ్డ పరిచి, కొవ్వొత్తి వెలిగించి, గ్లాసులో నీళ్లు పెట్టి ఉంచేది. ఆయన తల కింద చెయ్యి వేసి కొంచెం పైకి లేపి పట్టుకునేది. నేను ప్రార్థన చదివి, అప్పంలోంచి చిన్న ముక్క తుంచి "క్రీస్తు శరీరం" అనేవాణ్ని. ఆయన బదులు ఆమెన్ కూడా నేనే అనేవాణ్ని. ఆయన నోరు తెరిచేవాడు. నాలుక మీద ముక్క పెడితే కళ్లు మూసుకుని మెల్లమెల్లగా మింగేవాడు. వారమంతా ఆయన ఎదురుచూసేది దీనికోసమేనని వదిన చెప్పేది. ఆదివారం వచ్చిందంటే గడ్డం గీయమని ఎడమ చేత్తో చెంప రుద్దుకుని చూపించేవాడట.

ఇన్నాళ్లూ ముక్క పెట్టేటప్పుడు నా చూపు ఆయన నోటి మీదే ఉండేది. కింద పడితే ఎంత అపచారమోనని భయం. ఒక ఆదివారం ఎందుకో, ముక్క పెట్టేసి తలెత్తాను. ఆయన మొహం మీదికి పక్కనుంచి వంగి ఉన్న వదిన నోరు పెద్దగా తెరిచి ఉంది. నాలుక కూడా కొంచెం బయటికి పెట్టింది.

నాలోని కండక్టరు లేచి నిలబడ్డాడు. "వదినా, నోరు మూసుకో. గిది నీకు ఇయ్యరాదు. మీది పెద్ద చర్చి గద," అన్నాను.

మెల్లగా కూడా అనలేదు. డ్రైవరు సీటు నుంచి వెనక సీటు దాకా వినబడేలా అరవడం అలవాటైన గొంతు నాది. అన్నను చూడడానికి వచ్చిన పక్కింటావిడ గుమ్మంలోనే నిలబడి ఉంది. వదిన నోరు మూసుకుంది. ఏదో చెప్పబోయి మానేసింది. నీళ్ల గ్లాసు ఆయన పెదాలకు ఆనించి, ఆయన మింగాడో లేదో చూసుకుని, గ్లాసు పట్టుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది. నేను డబ్బా మూసుకుని బయటికి వచ్చాను. అప్పుడు నాకు ఏ సిగ్గూ లేదు. పైగా పెద్ద గండం తప్పించినంత తృప్తి.

ఆ తృప్తి కొద్దీ ఫాదర్‌కు కూడా చెప్పాను. ఆయన విని, "నియమం ఉన్నదే. కని ఎట్ల చెప్పినవ్?" అని అడిగారు. చెప్పాల్సినట్లే చెప్పానన్నాను.

మరుసటి ఆదివారం వెళ్లేసరికి స్టూలు మీద గుడ్డ ఉంది, కొవ్వొత్తి ఉంది, నీళ్లున్నాయి. ఆయన తల కింద రెండు దిండ్లున్నాయి. వదిన మాత్రం వంటింట్లో ఉంది. నేను ప్రార్థన చదివి ముక్క తుంచి పట్టుకున్నాను. ఆయన నోరు తెరవలేదు. "అన్నా, నోరు తెరువు," అన్నాను. నా వైపు చూశాడు, ముక్క వైపు చూశాడు. పెదాలు కొంచెం వణికాయి, విడలేదు. పాత రోజులు గుర్తొస్తాయేమోనని "అన్నా, రైట్ రైట్," అన్నాను. కళ్లు నవ్వాయి గానీ నోరు తెరుచుకోలేదు. ఆ ముక్కను మళ్లీ గుడికి తెచ్చి, సత్ప్రసాదం భద్రపరిచే మందసంలో పెట్టాను.

ఆ తరవాతి ఆదివారం అంతే. దాని తరవాతిదీ అంతే. నాకు కోపం మొదలైంది. భార్యను ఒక మాట అన్నానని పట్టుదలకు పోతున్నాడనుకున్నాను. అదీ కాకపోతే ఇంత జబ్బు ఇచ్చాడని దేవుడి మీదే అలిగాడనుకున్నాను. అనుకుని ఊరుకుంటే నేను నేనెందుకవుతాను? మంచం అంచున కూర్చుని ఆయనకు బోధ చేశాను. "అన్నా, నా మీద కోపముంటే నా మీద చూపెట్టు. దేవుని మీద అలగొద్దు. గింత విశ్వాసం లేకుంటే ఎట్ల?" అన్నాను. ఇంకా చాలానే అన్నాను. చర్చి పెద్దల దగ్గర విన్న మాటలన్నీ వరసగా అప్పజెప్పాను. ఆయన కళ్లలోంచి నీళ్లు కారి దిండులోకి ఇంకాయి. అది పశ్చాత్తాపం అనుకున్నాను. నా మాటకు ఆ శక్తి ఉందని లోలోపల మురిసిపోయాను కూడా. మళ్లీ ముక్క చూపించాను. నోరు తెరవలేదు. ఆ మురిపెం కూడా అక్కడితో పోయింది.

ఇక లాభం లేదని ఫాదర్ దగ్గరికి వెళ్లాను. "గా ఇంటికి పోవుడు దండగ, ఫాదర్. ఆయనకు వద్దంట," అన్నాను.

"వద్దని ఆయన చెప్పిండా?"

"నోరే తెరుస్తలేడు ఫాదర్, ఇంక చెప్పుడేంది?"

"ఇంకొక్కసారి పో. ఈసారి ముందుగాల ఆ ఇంటికే పో. పోయి జర సేపు ఊకె కూసో. ఏం చెప్పకు," అన్నారు. ఏం చెప్పకు అన్న మాట ఒత్తి పలికారు.

అలా ఆ ఆదివారం మిగతా ఇళ్లు తరవాతకు పెట్టుకుని నేరుగా అక్కడికి వెళ్లాను. నేను ఎప్పుడూ వచ్చే వేళ కాదు కనుక స్టూలు మీద ఇంకా ఏమీ పరిచి లేదు. తలుపు తీసే ఉంది. వదిన మంచం మీద కూర్చుని ఆయనకు జావ తాగిస్తోంది. చెంచా నింపి ఆయన మొహం ముందుకు తెచ్చి, తాను "ఆఁ" అని నోరు పెద్దగా తెరిచింది. నాలుక కొంచెం బయటికి పెట్టింది. ఆయన ఆమె నోటినే చూస్తూ తన నోరు తెరిచాడు. చెంచా లోపలికి వెళ్లాక ఆమె నోరు మూసింది, ఆయనా మూశాడు. ఆమె గుటక వేసి చూపించింది, ఆయన మింగాడు. మళ్లీ చెంచా నింపింది. మళ్లీ "ఆఁ" అంది.

గుమ్మంలో నా కాళ్లు ఆగిపోయాయి. చెప్పులు విప్పడం కూడా మరిచిపోయాను. అప్పుడు ఆమె నన్ను చూసింది. చూసి చటుక్కున నోరు మూసుకుని, కొంగు అడ్డం పెట్టుకుంది. తప్పు చేస్తూ దొరికిపోయిన మనిషిలా లేచి నిలబడింది.

"గిట్లనే తింటడా వదినా?" అని అడిగాను.

"గిట్లనే తమ్మీ. తెరువు అంటే సమజ్ అయితది, కని చెయ్యనీకి రాదు. ఎదురుంగ నేను తెరిస్తే చూసి తెరుస్తడు. దవాఖాన్ల సిస్టరమ్మ నేర్పింది."

"మరి గా దినం..."

"నేను అడగలే తమ్మీ. ఆయన కోసం తెరిచిన. నాకు తెల్వదా, మీ దాంట్ల నాకు ఇయ్యరని?"

"అప్పుడే చెప్పకపోయినవ్ వదినా?"

"నోరు మూసుకొమ్మన్నవ్ గద," అంది. దెప్పి పొడిచినట్టు కాదు. జరిగింది జరిగినట్టు చెప్పింది, అంతే. చెప్పి, చల్లారిపోతోందని మళ్లీ జావ గిన్నె చేతిలోకి తీసుకుంది.

నా జీవితంలో నన్ను చాలామంది తిట్టారు. కాలర్ పట్టుకున్నవాళ్లూ ఉన్నారు. ఎవరి ముందూ నేను అంత చిన్నబోలేదు. ఇన్ని వారాలు ఆయనకు అందనివ్వనిది ఆయన అలక కాదు, నా నోరు. పైగా కదలలేని మనిషి పక్కన కూర్చుని, నీకు విశ్వాసం లేదని ఆయనకే బోధించాను. కావాలని ఉండి, అడగలేక, చేయలేక ఆయన ఏడిస్తే దాన్ని కూడా నా ఖాతాలో వేసుకున్నాను. మెడలో ఉన్న సంచీ ఒక్కసారిగా బరువెక్కింది. తీసి ఎక్కడైనా పెట్టేసి పారిపోవాలనిపించింది. ఎక్కడ పెడతాను?

"వదినా, ఇయ్యాల నువ్వొచ్చి పక్కన కూసో," అన్నాను.

"వద్దు తమ్మీ. మీ సత్ప్రసాదం ముంగట నేను మల్ల నోరు తెరిస్తే మంచిగుండది. నువ్వే తెరువు. జర పెద్దగ తెరువు," అంది. స్టూలు మీద గుడ్డ పరిచి, కొవ్వొత్తి ముట్టించి, లోపలికి వెళ్లిపోయింది.

సరే అనుకుని ప్రార్థన చదివాను. ముక్క పట్టుకుని ఆయన ఎదురుగా వంగి "ఆఁ" అని నోరు తెరిచాను. ఇస్త్రీ చొక్కా వేసుకుని, పళ్లూడిన నోరు అంత పెద్దగా తెరిచి నిలబడితే ఎలా ఉంటానో నాకు తెలుసు. ఆయన నా నోటిలోకి చూశాడు. తరవాత నన్ను దాటి వంటింటి వైపు చూశాడు. మళ్లీ తెరిచాను. మళ్లీ అటే చూశాడు. ఆయనకు తెలిసిన నోరు నాది కాదు.

ముక్కను డబ్బాలో పెట్టి వంటింటి గుమ్మం దాకా వెళ్లాను. "వదినా, తప్పయింది. నాతోని అయితలేదు. నువ్వు రావాలె," అన్నాను. ఆ మాట అనడానికి నాకు చాలా కష్టమైంది. గట్టిగా మాట్లాడడం తప్ప అడుక్కోవడం ఎన్నడూ అలవాటు లేదు. ఆమె చేతులు కడుక్కుని, తల మీదికి కొంగు లాక్కుని వచ్చి, మంచానికి అవతల వైపు నిలబడింది. నా వైపు చూడలేదు. ఆయన్నే చూస్తూ నోరు తెరిచింది. ఆయన వెంటనే తెరిచాడు.

"క్రీస్తు శరీరం," అన్నాను. ఆయన నాలుక మీద ముక్క పెట్టాను. ఆమె నోరు మూసింది, ఆయన మూశాడు. ఆమె గుటక వేసింది. నోట్లో ఏమీ లేకుండానే వేసింది. ఆయన మింగి కళ్లు మూసుకున్నాడు. ఆమెన్ అనడం ఆ రోజు నేను మరిచిపోయాను.

అప్పటి నుంచి ప్రతి ఆదివారం అలాగే జరుగుతోంది. ఆమె తెరుస్తుంది, ఆయన తెరుస్తాడు, నేను ఆయన నోట్లో పెడతాను. అయ్యాక వదిన నాకు చాయ్ ఇస్తుంది, నా భార్యను అడిగానని చెప్పమంటుంది. జరిగినదాని గురించి మళ్లీ ఒక్క మాట ఎత్తలేదు. నియమం నియమమే, దాన్ని నేను కాదనను. కానీ ముక్క పట్టుకున్నప్పుడు ఎదురుగా తెరిచి ఉన్న ఆ నోటిని చూడడం నాకు చేతకావడం లేదు. తల దించుకుని, చేతి అంచనాతో ఆయన నోట్లో పెట్టేస్తాను.

మొన్న చాయ్ అందిస్తూ వదిన అంది, "ఈ నడుమ నువ్వు తల వంచుకోని మస్తు భక్తితోని ఇస్తున్నవ్ తమ్మీ. సూస్తే మంచిగనిపిస్తది."

నేను కాదని చెప్పలేదు. చాయ్ తాగాను.