ఏటి అవతలి ఓటు

ఓటు ఎలా ఉంటుందో మా ఊళ్లో ఒక్కరికీ తెలియని రోజులవి. మాది కిన్వట్ పక్కన గోకుంద, హైదరాబాద్ రాజ్యం. పెన్‌గంగ దాటితే వర్హాడ్, ఇంగ్లీషువాళ్ల ఇలాకా. అక్కడ అసెంబ్లీకి ఎన్నికలు వచ్చాయి. మాకు ఏ సంబంధమూ లేదు. అందుకేనేమో, పిచ్చి మాత్రం మాకే ఎక్కువ పట్టింది.

అందరికంటే ఎక్కువ మా మామకు పట్టింది. నాకు పెళ్లయి అప్పటికి రెండేళ్లు. ఆయనకు ఎదురు చెప్పే ధైర్యం లేదు గానీ, కొంగు చాటున నవ్వుకునే ధైర్యం బాగానే ఉండేది. అవతల పోటీ ఇద్దరి మధ్య. ఒకడు పెద్ద దేశ్‌ముఖ్, వేల ఎకరాల ఆసామి. ఇంకొకడు రైతుల పక్షాన నిలబడ్డ వకీలు. మామ వసారాలో రెండు ముంతలు పెట్టాడు. ఏరు దాటి వచ్చే ప్రతి బండివాణ్ణీ, పత్తి ఏరే ప్రతి కూలీనీ ఆపి, చేతిలో ఒక చింతగింజ పెట్టేవాడు.

"నీ మనసు ఎటున్నదో అండ్ల ఎయ్యి."

వాళ్లు గింజ వేసి, నేనిచ్చిన నీళ్లు తాగి పోయేవాళ్లు. నెల తిరిగేసరికి వకీలు ముంత సగానికి పైగా నిండింది. దేశ్‌ముఖ్ ముంతలో అడుగు కనిపిస్తూనే ఉంది.

వకీలే గెలుస్తాడని మామ ఊరంతా చాటాడు. పట్వారీ ఒప్పుకోలేదు.

"గెల్వకుంటే ఏం జేస్తవ్ పటేలా?"

"గెల్వకుంటే కోతలదాక నెత్తికి రుమాలు చుట్టను. ఉత్త నెత్తితోని తిరుగుత."

మామను తలపాగా లేకుండా నేను చూసిందే లేదు. లెక్కింపు అయ్యేదాకా అత్త అన్నం సరిగా తినలేదు.

లెక్కింపు కబురు తెచ్చే బండివాడికి మామ ముందే చెప్పి పెట్టాడు. వకీలు గెలిస్తే ఎద్దుల మెడలకు గజ్జెలు కట్టుకొని రావాలి. ఆ రోజు మధ్యాహ్నం నుంచి సగం ఊరు ఏటి ఒడ్డున కూర్చుంది. పొద్దు వాలుతుండగా బండి నీళ్లలోకి దిగింది. గజ్జెల చప్పుడు లేదు. బండిలో మామ చెల్లెలు, మా చిన్నత్త కూర్చుని ఉంది. ఆమెను అవతలి ఊరికే ఇచ్చారు. జనం ఒక్కొక్కరే లేచి వెళ్లిపోయారు.

ఇంటికి రాగానే మామ వకీలు ముంత తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

"ఎట్లోడుతడు? గిన్ని గింజలున్నయి గద!"

"అన్నా, గీ గింజలేసినోళ్లల్ల ఒక్కనికన్న ఓటున్నదా? ఓటు భూమున్నోళ్లకే ఇస్తరు. బండి తోలెటోనికి ఎవడిస్తడు?"

ఏరు దాటితే అందరికీ ఓటు ఉంటుందనే మేమంతా అనుకున్నాం. ఒక్కరికీ లేని ఊరివాళ్లం, అది కొందరికే ఉంటుందని మాకెలా తడుతుంది!

"మా ఇంటాయనకు భూమున్నది, గందుకే నాకు గుడ ఇచ్చిన్రు," అంది చిన్నత్త. గొంతు తగ్గించింది. "దేశ్‌ముఖ్ డబ్బాల్నే ఎయ్యమని ఆయన ఒట్టు పెట్టిచ్చుకున్నడు. పరద ఎనుకకు పోయిన. రెండు డబ్బాలున్నయి. సుట్టు సూసిన. ఎవ్వలు లేరు. బుద్ధెరిగినంక నేనొక్కదాన్నే ఉన్న జాగ గదే అన్నా. వకీలు డబ్బాల ఏసిన. ఆయనకు తెలిస్తె ఇంట్ల ఉండనియ్యడు."

ఆమె చెయ్యి పట్టుకొని చూశాను. పగిలిన గోళ్లు, రెండు గాజులు, అచ్చం నా చెయ్యిలాగే ఉంది. ఏ దేవుడి ముందూ నేనంత భయభక్తులతో నిలబడలేదు.

మామ ముంతను వాకిట్లో బోర్లించాడు. పరుచుకున్న గింజల్లోంచి ఒక్కటి ఏరి మళ్లీ ముంతలో వేశాడు. తలపాగా విప్పి అత్త చేతికిచ్చాడు. పట్వారీ అప్పటికే గడప ముందుకు వచ్చి నవ్వుతున్నాడు.

"ఓడినవా పటేలా?"

"ఓడిన," అన్నాడు మామ, ఉత్త తలతో నిటారుగా నిలబడి. "కని మా చెల్లె ఓటేసింది."

"ఎవ్వలికేసింది?"

నెల రోజులు దారిన పోయేవాళ్లందరినీ ఆపి అదే అడిగిన మా మామ, చిన్నత్తకు అడ్డంగా వచ్చి నిలబడ్డాడు.

"గది అడగొద్దు," అన్నాడు.